తేటనీరు – పొరలరాయి

మన భాషలో "తేట" అను మాటకు గొప్ప గౌరవము కలదు. మనసు తేటపడినదన్నను, మాట తేటగా నున్నదన్నను మనము నీటినే తలచుకొనుచున్నాము. బిందె అడుగున నున్న ఇసుక రేణువు పైకి కనిపించినచో ఆ నీరు మంచిదని మన నమ్మకము. నెల్లూరు సీమలో ఈ నమ్మకము మరింత గట్టిది. వేసవిలో పెన్న ఎండి ఇసుక తిన్నెలు తేలినప్పుడు స్త్రీలు ఆ ఇసుకలో చెలమలు త్రవ్వి, ఊరిన నీటిని చెంబుతో మెల్లగా తోడి, గుడ్డ వాసెన కట్టిన బిందెలోనికి వంచుకొనుట తరతరములుగా జరిగినది. ఏటి ఇసుకయే వారి వడపోత యంత్రము. ఆ నీటి రుచి నెరిగినవారు మరియొక నీటిని మెచ్చుకొనరు.

అయినను తేటదనము వేరు, శుద్ధి వేరు. ఈ రెండింటి నడుమ నున్న దూరమును మానవుడు ఎట్లు గుర్తించెనో, గుర్తించిన పిదప ఏ ఉపాయములు పన్నెనో తెలుపుట ఈ వ్యాసమునకు విషయము. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయము పూర్వపు నెల్లూరు జిల్లా బావులలో వ్రాయబడినది. మరియొక అధ్యాయమునకు కావలసిన రాయి ఆ జిల్లా గనులలోనే దొరకుచున్నది. ఈ రెండింటిని ఒకచోట చేర్చి చూచుట ఉచితమని మేము తలచితిమి.

మొదట మన పూర్వుల ఉపాయమును చూతము. బురదనీటిని తేర్చుటకు చిల్లగింజను వాడుట మన పల్లెలలో పాతమాట. సంస్కృతమున దీనిని కతకమందురు. సుశ్రుత సంహితలో నీటిని తేర్చు సాధనములను చెప్పుచు కతకమును పేర్కొన్నారు. గింజను కుండ లోపలి గోడకు రుద్ది నీరు పోసినచో, కొంతసేపటికి మన్ను అడుగునకు దిగి పైనీరు తేటయగును. జ్ఞానము అజ్ఞానమును పోగొట్టి తానును అణగిపోవునని చెప్పుటకు వేదాంతులు ఈ కతకమునే ఉపమానముగా తీసికొనిరి.

ఇందలి రహస్యమును నేటి శాస్త్రము ఇట్లు చెప్పుచున్నది. నీటిలో తేలు మట్టి కణములపై ఋణ విద్యుదావేశము ఉండును. అందుచేత అవి ఒకదానినొకటి త్రోసికొనుచు, అడుగునకు దిగక తిరుగుచుండును. గింజలోని పదార్థములు ఆ కణములను కూడదీసి, గుంపులు కట్టించి, బరువెక్కించి దింపును. పటిక చేయు పనియు ఇట్టిదే. కాని గమనింపవలసిన సంగతి యొకటి కలదు. చిల్లగింజ దింపునది నీటిలో తేలుచున్న మట్టిని. నీటిలో కరగియున్న దానిని కాదు. ఉప్పునీటిలో ఎన్ని గింజలు అరగదీసినను ఉప్పు పోదు. కరగినది కంటికి కనిపించదు, గుడ్డకు చిక్కదు, ఇసుకకు ఆగదు.

లోహము కూడ కరగి ఆహారములో చేరగలదని మన గృహిణులు ఏ రసాయన శాస్త్రము చదువకయే ఎరిగియుండిరి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచరాదను కట్టుబాటు దాని నుండి పుట్టినదే. నెల్లూరి చేపల పులుసు మట్టి దాకలోనే కమ్మగా కుదురునని చెప్పుటలో రుచితోపాటు ఈ జాగ్రత్తయు ఇమిడియున్నది. పులుపు తగిలిన ఇత్తడి చిలుము పట్టును. పచ్చని రంగు కనిపించును. నోటికి వెగటు తోచును. రాగి ఈ విధముగా ముందే హెచ్చరించును. సీసము అట్లు హెచ్చరించదు. ప్రమాదకరమైన మోతాదులో నీటియందు కరగియున్నను దానికి రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియు రుచి లేదు. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. కాడ్మియము మూత్రపిండములను, ఎముకలను పాడుచేయును. పాదరసము నాడులను చెరచును.

సముద్రతీర వాసులు మరువరాని ఉదాహరణ మొకటి జపాను దేశమున జరిగినది. మినమాట అను తీర పట్టణమున 1956వ సంవత్సరమున ఒక వింత వ్యాధి బయటపడెను. చేతులు కాళ్లు స్వాధీనము తప్పి, చూపు మాట తడబడి, మనుష్యులు మంచము పట్టిరి. వారికంటె ముందు ఆ ఊరి పిల్లులు పిచ్చెత్తినట్లు తిరిగి చచ్చెను. కర్మాగారము నుండి సముద్రపు నీటిలో కలిసిన పాదరసము చేపలలో చేరి, చేపల నుండి మనుష్యులలో చేరినదని తరువాత తేలినది. ఆ దేశముననే జింజూ నదీతీరమున గనుల నుండి వచ్చిన కాడ్మియము పొలములలోనికి, అన్నములోనికి చేరి, ఎముకలు పెళుసెక్కి జనులు నొప్పితో అలమటించిరి. కాడ్మియమే దానికి మూలమని అచటి ప్రభుత్వము 1968లో ఒప్పుకొనెను. ఆ నీరు, ఆ చేప, ఆ అన్నము చూపునకు మామూలువిగానే ఉండెను.

కరగిన విషమును కంటితో కనుగొనలేమను పాఠమును మనము జపాను నుండియే నేర్చుకొనవలసిన పని లేదు. మినమాటకు 19 ఏండ్ల ముందే నెల్లూరు జిల్లా ఆ పాఠమును లోకమునకు చెప్పినది. అది భారలోహము కథ కాదు; ఫ్లోరైడు కథ. అయినను తెలిసికొనవలసిన నీతి యొకటే.

ఆ కాలమున దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు నెల్లూరు జిల్లాలోనివి; 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినవి. ఆ జిల్లాకే తరువాత ప్రకాశము జిల్లాయని పేరు వచ్చినది. జిల్లాలోని మెట్ట గ్రామములు కొన్నింట పిల్లల పండ్లపై సుద్దవంటి తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు కనిపించెడివి. పెద్దవారిలో కొందరికి నడుము బిగిసి, మెడ త్రిప్పుటకు వీలులేక, కీళ్లు కదలక, నడివయసుననే ఒంగిపోయి ఇతరుల మీద ఆధారపడు స్థితి వచ్చెడిది. వారు త్రాగినది మురికినీరు కాదు, లోతైన బావుల నుండి తోడిన నిర్మలమైన నీరు.

మద్రాసు సమీపమున గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు ఈ వ్యాధిని పరిశీలించి, 1937వ సంవత్సరమున ఇండియన్ మెడికల్ గెజెట్టు పత్రికలో తమ వ్యాసమును ప్రకటించిరి. నెల్లూరు జిల్లాలో ప్రబలియున్న ఈ వ్యాధికి నీటిలోని ఫ్లోరైడే హేతువని వారు నిర్ణయించిరి. పండ్ల మచ్చలకు ఫ్లోరైడు కారణమని పరిశోధకులు గుర్తించి అప్పటికి ఆరేండ్లే అయినది. ఆ గుర్తింపు 1931 నాటిది. ఎముకలను బిగించి మనిషిని అవిటివానిగా చేయు స్థితిని భారతదేశమున వైద్యలోకము దృష్టికి తెచ్చిన తొలి పరిశోధనలలో నెల్లూరు పరిశోధన ముఖ్యమైనది. ఆ ముగ్గురిలోని పండిట్ తరువాతి కాలమున భారతీయ వైద్య పరిశోధన మండలికి తొలి అధిపతి అయ్యెను.

ఈ ఫ్లోరైడు ఎక్కడిది? ఎవ్వరును బావిలో వేసినది కాదు. భూమి లోపలి నల్లరాళ్లు, పలుగురాళ్ల నడుమ నున్న కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు సహజముగా ఉండును. వానిలో నల్ల అభ్రకము ఒకటి. కాల్షియము తక్కువగాను, సోడాక్షారము ఎక్కువగాను ఉన్న నీరు ఆ రాళ్ల సందులలో చిరకాలము నిలిచినప్పుడు ఫ్లోరైడును కరగించుకొని వచ్చును. పప్పు త్వరగా ఉడికించు మెత్తని నీరే ఒక్కొక్కచోట ఎక్కువ అపాయకరమగుటకు ఇది కారణము. ఇక్కడ అభ్రకము పేరు వచ్చినది గనుక దానిని గుర్తుంచుకొందము. విషమును విడిచిన రాతి కుటుంబమునందే విషమును పట్టు రాయియు పుట్టినది.

ఇప్పుడు దృష్టిని ఇంగ్లండు పొలములకు మరల్చవలసియున్నది. కరగినదానిని పట్టుకొను విద్య మొదట అక్కడి వ్యవసాయదారులకు తారసపడినది. ఎరువులోని సారము వానకు కరగి భూమి లోతులకు పోక పైమట్టిలో ఎట్లు నిలుచుచున్నదని థాంప్సన్ అను భూస్వామికి సందేహము కలిగెను. ఆయన మట్టి నింపిన గొట్టములో అమ్మోనియము సల్ఫేటు కలిపిన నీటిని పోసి క్రిందికి దిగిన నీటిని పరీక్షింపజేసెను. అమ్మోనియా చాలవరకు మట్టిలోనే నిలిచిపోయెను. దానికి బదులు కాల్షియము సల్ఫేటు, అనగా జిప్సము, క్రిందికి దిగెను. ఈ ఫలితము 1850లో ప్రకటితమైనది. రాజకీయ వ్యవసాయ సంఘపు రసాయనజ్ఞుడు వే అను పండితుడు 1850, 1852లలో ప్రకటించిన పరిశోధనలలో ఈ పనిని శ్రద్ధగా సాగించి, మట్టిలోని బంకమన్నే ఇది చేయుచున్నదని, ఎంత పుచ్చుకొనునో దానికి సమానముగా మరియొకటి విడుచునని నిరూపించెను. ఈ మార్పిడి మరల వెనుకకు త్రిప్పదగినదని 1858లో జర్మనీలో ఐక్‌హార్న్ చూపెను.

మన సంతలో ధాన్యమిచ్చి ఉప్పు తీసికొనినట్లు మన్ను ఒక లోహమునిచ్చి మరియొక లోహమును తీసికొనుచున్నది. దీనినే శాస్త్రజ్ఞులు అయాను వినిమయమందురు. కరగిన పదార్థము ఘనపదార్థపు ముఖమునకు అంటుకొనుటకు అధిశోషణమని పేరు. ఇది దూది నీటిని పీల్చుకొనుట వంటిది కాదు; గోడకు సున్నము పట్టినట్లు పైభాగమునకు పట్టుట. కనుక పైభాగము ఎంత ఎక్కువ ఉన్న అంత మేలు. ఒక తాళపత్ర గ్రంథమును తలచుకొనుడు. మూసియున్నప్పుడు కనిపించునవి అట్టలు మాత్రమే. విప్పినచో నూరు ఆకులకు రెండు నూర్ల ముఖములు. పొరలు పొరలుగా నుండు రాళ్లకు ఈ విద్యలో పెద్దపీట వచ్చినది ఇందువలననే.

పొరల రాయియనగానే నెల్లూరు వారికి అభ్రకము గుర్తుకు వచ్చును. దీనినే కాకిబంగారమని పిల్లలు ఏరుకొందురు. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతములలో వ్యాపించియున్న అభ్రకపు మేఖల పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దములలో వెలుగునకు వచ్చెను. భూగర్భ పరిశోధన శాఖకు చెందిన హాలెండు 1902లో భారతదేశపు అభ్రక నిక్షేపములను గూర్చి వ్రాసిన గ్రంథమునందు నెల్లూరికి ప్రముఖ స్థానమిచ్చెను. ఇనికుర్తి గనిలో దొరికిన అభ్రకపు "పుస్తకములు" పది అడుగుల వెడల్పు గలవని ఆనాటి గ్రంథములు చెప్పుచున్నవి. పుస్తకమను పేరు గనివారు పెట్టినది. పుటలవలె పొరలు విడిపోవుటయే ఆ పేరునకు కారణము. నెల్లూరు అభ్రకమునకు గల పచ్చని ఛాయ వర్తకులలో ప్రసిద్ధి.

ఈ రాయి రేడియో గల గృహములకు అపరిచితము కాదు. పూర్వపు వాల్వు రేడియోలలో గాజుబుడ్డి లోపలి తీగెలను, పలకలను కదలనీయక నిలిపిన పలుచని బిళ్ల అభ్రకమే. స్టేషనులను వేరుపరచు వలయములలోని కండెన్సర్లలో విద్యుత్తును అడ్డగించిన పొరయు అదియే. ఇందులో వాడుకకు వచ్చినది రేకు మాత్రమే. మచ్చలున్నది, ముక్కలైనది, రంగు చెడినది గని ప్రక్కన దిబ్బలుగా పడెను. వేడిని తాళలేక ఉబ్బిపోవు ఒక జాతి అభ్రకము రేకుల వర్తకునికి పనికిరానిది. నీటి కథలో ఆ పనికిరాని జాతికే పని పడినది.

ఆ జాతికి వెర్మిక్యులైటని పేరు. 1824లో అమెరికాలో వెబ్ అను నతడు ఈ పేరు పెట్టెను. నిప్పుపై వేసినచో పొరలు విచ్చుకొని, పురుగువలె మెలికలు తిరుగుచు సాగుట చూచి, పురుగను అర్థము గల లాటిను మాట నుండి ఆ పేరు కల్పించెను. నిప్పులో అభ్రకము చేయు చేష్టలను మన రసవాదులు అంతకు ఎన్నో శతాబ్దములకు ముందే గమనించిరి. వారు అభ్రకమును పినాకము, దర్దురము, నాగము, వజ్రము అని నాలుగు తెగలు చేసిరి. అగ్నిలో పొరలు విడుచునది పినాకము; కప్పవలె శబ్దించునది దర్దురము; పామువలె బుసకొట్టునది నాగము; ఏ వికారమును పొందనిది వజ్రము. వారికి కావలసినది ఔషధమునకు తగిన వజ్రాభ్రకము గనుక మిగిలిన వానిని విడిచిరి. ఆ శబ్దములన్నియు పొరల నడుమ చిక్కిన నీరు ఆవిరియై వెలువడుటలో పుట్టగలవని నేడు చెప్పవచ్చును. వెర్మిక్యులైటు నెల్లూరు అభ్రక మేఖలలో దొరకు ఖనిజములలో ఒకటి.

అభ్రకము నీటికి తలుపు తెరువదు, వెర్మిక్యులైటు తెరచును. ఈ భేదమునకు కారణము తెలియుటకు రాతి లోపల చూడవలసి వచ్చినది. ఎక్సురే కిరణములు ఆ చూపును ప్రసాదించినవి. 1920ల చివరి భాగమున ఫ్రాన్సులో మోగెన్, 1930లో అమెరికాలో లైనస్ పౌలింగు అభ్రకపు కట్టడమును వెల్లడించిరి. దానిని బొబ్బట్ల దొంతరతో పోల్చవచ్చును. పైన క్రింద సిలికా పలకలు రెండు. నడుమ పూర్ణమువలె అల్యూమినియము గాని మెగ్నీషియము గాని గల పలక. ఈ మూడును కలిసి ఒక పొర. పొర నుండి పొరకు దూరము మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. సిలికా పలకలో నాలుగు ధనావేశములు గల సిలికాను కూర్చుండవలసిన చోట అక్కడక్కడ మూడే గల అల్యూమినియము కూర్చుండును. అందుచేత పొరకు ఋణము మిగులును. ఋణమనగా అప్పు అనియు మన భాషలో అర్థము కలదు; ఇచ్చట ఆ అర్థము కూడ చక్కగా కుదురుచున్నది. అప్పు తీర్చుటకు పొటాషియము వచ్చి రెండు పొరల నడుమ కూర్చుండును. అభ్రకములో ఆ పొటాషియము గుంటలలో బిగిసికొని, బంకవలె పొరలను అతికించివేయును. నీరు చొరనేరదు.

కాలక్రమమున నల్ల అభ్రకము శిథిలమైనప్పుడు పొటాషియము జారిపోయి, దాని స్థానమున నీటి కవచము ధరించిన మెగ్నీషియము చేరును. పొరల నడుమ ఎడము పెరుగును. ఆ రాయియే వెర్మిక్యులైటు. దాని అప్పు తీరలేదు. అప్పు తీర్చు ఆసామి మాత్రము మారెను. మెగ్నీషియమునకు ఆ స్థానముపై గట్టి పట్టు లేదు. సీసము, కాడ్మియము, రాగి వంటి లోహములు కరగిన నీరు దాపునకు వచ్చినప్పుడు మెగ్నీషియము లేచిపోయి ఆ లోహమునకు చోటిచ్చును. త్రాగునీటిలో సామాన్యమైన మెగ్నీషియము చేరును. విషలోహము రాతిలో చిక్కును. లెక్క ప్రకారము నూరు గ్రాముల మంచి వెర్మిక్యులైటు పది గ్రాములకు పైగా సీసమును పట్టగలదు. అంతే తూకము గల తెల్లని పింగాణి మన్ను ఒకటిన్నర గ్రామునకు మించి పట్టజాలదు.

భారతీయ ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన త్రాగునీటి ప్రమాణము ప్రకారము లీటరు నీటిలో సీసము 0.01 మిల్లీగ్రామును మించరాదు. కాడ్మియమునకు హద్దు 0.003, పాదరసమునకు 0.001 మిల్లీగ్రాము. సీసము ఆ హద్దుకు పది రెట్లున్న నీటిని తీసికొన్నను, పది గ్రాముల సీసము లక్ష లీటర్ల నీటిలో గాని ఉండదు. నూరు గ్రాముల రాయితో లక్ష లీటర్ల నీరు బాగుపడునని ఈ లెక్క ఆశ పెట్టును. అట్లయినచో ఈ వ్యాసము ఇక్కడ ముగియవచ్చును. కాని కాగితముపై లెక్క వేరు, బావిలో నీరు వేరు.

బావినీటిలో సీసము ఒంటరిగా నుండదు. లీటరుకు 80 మిల్లీగ్రాముల కాల్షియము గల నీరు మనకు సాధారణమే. ఆ నీటిలో సీసము 0.1 మిల్లీగ్రామున్నచో, ఒక్కొక్క సీసపు అయానునకు నాలుగు వేలకు పైగా కాల్షియము అయానులు లెక్కకు వచ్చును. అన్నియు ఆ రాతి పొరలలో చోటు కొరకే వచ్చినవి. సీసమునకు రాయి కొంత మొగ్గు చూపును గాని, పెండ్లి పందిటిలో నాలుగు వేల మంది నడుమ ఒక్క దొంగను పట్టుట వంటిది ఆ పని. నెల్లూరు తీరమున ఈ చిక్కు మరింత పెద్దది. ఇసుక దిబ్బల క్రింద పలుచని మంచినీటి పొర, దాని క్రింద సముద్రపు ఉప్పునీరు. తోడుట ఎక్కువైన కొలది ఉప్పు పైకి వచ్చును. ఉప్పుతోపాటు సోడియము, మెగ్నీషియము, కాల్షియము గుంపులుగా వచ్చును. లోపలి జిల్లాల నీటికి చాలిన రాయి తీరపు నీటికి చాలకపోవుటకు ఇదియే కారణము.

ఈ చిక్కునకు విరుగుడు ప్రకృతి మర్యాదను గమనించుటలో దొరికినది. పాదరసపు ముడిరాయి ఇంగిలీకము. అది పాదరసము గంధకముతో కూడినది. మన అగ్నిగుండాల ప్రాంతమున దొరికిన సీసపు ముడిఖనిజమును గంధకముతో కూడినదే. కాడ్మియమునకు గూడ గంధకమన్న మక్కువ. కాల్షియము, సోడియములకు ఆ మక్కువ లేదు. వానికి ఆమ్లజనిపైనే ఆసక్తి. 1963లో పియర్సన్ అను అమెరికా రసాయనజ్ఞుడు ఈ చుట్టరికములకు ఒక సూత్రము కల్పించెను. ఆమ్లజనితో కట్టిన పొరలకు బదులు గంధకముతో కట్టిన పొరలను తయారు చేసినచో, కాల్షియము గుంపు ప్రక్కకు తొలగి విషలోహము మాత్రమే చిక్కవలెను గదా! అమెరికాలో మానోస్, కనాట్జిడిస్ అను పరిశోధకులు తగరము, మాంగనీసు, గంధకములతో కట్టి, నడుమ పొటాషియము నుంచిన పొరల పదార్థమును ఈ పనికి వినియోగించిరి. 2008లో రేడియోధార్మిక స్ట్రాంషియమును, 2009లో పాదరసము, సీసము, కాడ్మియములను నీటి నుండి పట్టుటలో దాని శక్తిని ప్రకటించిరి. కట్టడము అభ్రకపు పోలికయే; పొరలో ఋణము, నడుమ పొటాషియము. గంధకమను వలపును మాత్రము మనిషి చేర్చెను.

అన్ని విషములును ధనావేశము గలవి కావు. నీటిలోని ఆర్సెనిక్కు, క్రోమియము తరచుగా ఋణావేశముతో తిరుగును. నెల్లూరును పీడించిన ఫ్లోరైడు ఎల్లప్పుడు అట్టిదే. ఋణగ్రస్తమైన పొర వానిని త్రోసివేయునే గాని పట్టుకొనదు. వానికి ధనావేశము గల పొరలు కావలెను. మెగ్నీషియము, అల్యూమినియము హైడ్రాక్సైడులతో కూడిన హైడ్రోటాల్సైటు అను ఖనిజము అట్టిది. నాగపూరులోని నీరి సంస్థవారు 1970లలో పటిక, సున్నములతో ఫ్లోరైడును తొలగించు నల్లగొండ పద్ధతిని రూపొందించిరి. అందులో పుట్టు అల్యూమినియము మడ్డి కూడ ఫ్లోరైడును పైముఖమునకు అంటించుకొని అడుగునకు దిగును. మద్రాసు ఐ.ఐ.టి.లో ప్రదీప్ బృందమువారు అల్యూమినియము, ఇనుప సమ్మేళనములను రొయ్యల, పీతల పెంకుల నుండి వచ్చు కైటోసానుతో జతచేసి నీటి వడపోతలకు తగిన పదార్థములను చేసిరి. ఆ పని 2013లో ప్రకటితమైనది. రొయ్యల పెంకు విలువ నెల్లూరు తీరమునకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంత వరకు చెప్పిన దానినిబట్టి ఏ విషమునకు ఏ రాయియో మొదట తెలియవలెనని స్పష్టమగుచున్నది. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున ఐదు వందల మందికి పైగా ఉన్నట్లుండి మూర్ఛపోయినప్పుడు ఆ సంగతి మరల రుజువైనది. తొలి పరీక్షలలో రోగుల రక్తమున సీసము, నికెలు కనిపించినవని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు తెలిపిరి. తరువాతి పరిశీలనలు పురుగుమందుల అవశేషముల వైపు చూపినవి. నీరా, కూరగాయలా, సీసమా, పురుగుమందా యని దేశములోని పలు ప్రయోగశాలలు వెదకవలసి వచ్చినది. చూపు చాలదు, ఊహ చాలదు, కొలత కావలెను.

ఇది చదివినవారు కాకిబంగారము పొడిచేసి కుండలో వేసికొందురేమోయని మాకు భయము కలదు. అట్లు చేయరాదు. గని నుండి వచ్చిన రాతిలో ఇతర ఖనిజములు కలిసియుండవచ్చును. అమెరికాలో మోంటానా రాష్ట్రపు లిబ్బీ అను ఊరి వెర్మిక్యులైటులో రాతినార కలిసియుండుటచేత గనివారును, వారి కుటుంబములును ఊపిరితిత్తుల వ్యాధుల పాలై, ఎందరో మరణించిరి. ఆ గని 1990లో మూతపడెను. రాయి ఏదైనను పరీక్షింపబడి, కడుగబడి, తగిన పాత్రలో అమర్చబడిన పిదపనే నీటికి తగును.

రెండవ హెచ్చరిక మరింత ముఖ్యమైనది. ఏ రాయియు అంతులేనిది కాదు. దాని పొరలు నిండిన నాడు పట్టుట మానును. కొన్నిచోట్ల పట్టిన దానినే మరల విడుచును. ఐక్‌హార్న్ చెప్పిన వెనుక త్రోవ ఇదియే. ఆ త్రోవను మనము ఉప్పునీటితో తెరచినచో రాయి మరల పనికి వచ్చును. అది తనంత తెరచుకొన్నచో బిందెలో విషము పడును. నిండిన వడపోత నుండి వచ్చు నీరును తేటగానే ఉండును. ఇక ఆ నిండిన రాయిని ఎక్కడ వేయవలెను? చెరువు గట్టున వేసిన, నీటి నుండి తీసిన విషమును మరల నీటికే అప్పగించినట్లగును. చిల్లగింజ మట్టితోపాటు తానును అణగిపోవును. విషమును పట్టిన రాయి ఎక్కడికిని పోదు. దానిని భద్రపరచు చోటు వడపోతతోపాటే ఆలోచింపవలసినది.

నెల్లూరు తీరము నేడు పూర్వపు తీరము కాదు. కృష్ణపట్నమున 2008లో కొత్త రేవు తెరువబడినది. ఆ చెంతనే బొగ్గుతో విద్యుత్తును తీయు కేంద్రములు వెలసినవి. బొగ్గు బూడిదలో సీసము, ఆర్సెనిక్కు, పాదరసము మొదలగువాని జాడలుండుట ఎల్ల దేశములలో తెలిసిన సంగతి. కండలేరు కయ్య, రొయ్యల చెరువులు, ఇసుకలోని మంచినీటి బావులు, పులికాటు సరస్సు ఆ తీరముననే ఉన్నవి. ఏ బావిలో ఏమున్నదో మనము ఊహతో చెప్పరాదు. భయపెట్టుటయు తగదు, నిర్లక్ష్యమును తగదు. ఏటేట నీటిని కొలిచి, ఆ అంకెలను ఊరివారికి అర్థమగు భాషలో పంచాయతీ గోడపై వ్రాయుట తగును.

1937కు ముందు మెట్ట గ్రామములలో వంగిపోయిన నడుములను చూచి కర్మమని సరిపెట్టుకొన్నవారుండిరి. నీటిని సీసాలో పట్టి గిండీకి పంపిన నాడు ఆ కర్మమునకు ఒక పేరు, ఒక అంకె దొరికెను. అంకె దొరికిన తరువాత గాని పటికయు, సున్నమును, పొరలరాయియు పనికి రాలేదు. రాయిలో గుణమున్నది, దానిని వెదకు బుద్ధి శాస్త్రజ్ఞులకున్నది. మన బావి నీటిని పరీక్షకు పంపుట, వచ్చిన ఫలితమును అడిగి తెలిసికొనుట, వడపోతలోని రాయిని వేళకు మార్చుట మాత్రము మన ఇండ్లలో, మన ఊళ్లలో జరుగవలసిన పనులు.